డబ్బాలో కన్ను

పొద్దున్నే కొట్టు తెరిచి, గడప కడిగించి, శేషయ్య కుందేళ్ళ కళ్ళల్లో, మొహానికి రాసుకునే స్నో కరిగించిన నీళ్ళు పోసేవాడు. మల్లట్ ఊరి పక్కన కాలవ క్యాంపులో అందరికీ తెలిసిన పనే. పైదేశపు స్నో మంట పెట్టదని తేలితేనే అమ్మడానికి పర్మిట్ వస్తుందని బొంబాయి కంపెనీ మనిషి చెప్పిపోయాడు. కుందేళ్ళ కళ్ళేమో చీము కారి మూసుకుపోయేవి. ఆ కంపులోనే అగరొత్తి వెలిగించి కాఫీ తాగేవాడు. గొంతు ఎలా దిగేదో!

బోనులో పోయిన కన్ను స్నో డబ్బాలో తెరుచుకునేది. నమూనాకి పంచిన డబ్బాల మూత తీస్తే, తెల్లటి స్నో మధ్య ఎర్రగా, తడిగా చూసేది. క్యాంపు ఆడవాళ్ళు దిష్టి అనుకుని ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేసి, కన్ను చుట్టూ ఉన్నది వేలితో తీసి బుగ్గలకి రాసుకునేవారు.

"దిష్టి గాదమ్మా, కుందేలు కన్ను" అంది బోను ఊడ్చే హంపమ్మ.

"తెలుసులేవే, ఒళ్ళు మెత్తగా ఉంటోంది" అంది సీతారావమ్మ. థూ!

కుందేళ్ళన్నీ గుడ్డివయ్యాయి. "కుందేలు కన్ను నాజూకు. మనిషి కన్నయితే తట్టుకుంటుంది. నీ కూతురికి ఒక్క చుక్క వేద్దామే, ఏం కాదు" అన్నాడు శేషయ్య హంపమ్మతో. జవాబు కోసం ఆగకుండా, పక్కనే ఉన్న ఆ పిల్ల నింగమ్మ గడ్డం పట్టుకుని, కొత్త డబ్బా మూత తీశాడు.

అప్పటికే అందులో కన్ను ఉంది. నల్లటిది, పొద్దున తల్లి పెట్టిన కాటుకతో సహా.

హంపమ్మ మూత పెట్టేసింది. "నీ కంట్ల ఏస్కో, సావుకారీ" అని పిల్లని లాక్కుని, కుందేళ్ళ బోను తలుపు బార్లా తీసి వెళ్ళిపోయింది.

శేషయ్యకి ఆశ చావలేదు. తన కంట్లోనే వేసుకున్నాడు. కన్ను కుళ్ళిపోతున్నా గుడ్డ కట్టుకుని, మంటే లేదని ఒట్టు పెట్టి పర్మిట్ తెచ్చుకున్నాడు. సరుకు దిగింది. ప్రతి డబ్బాలోనూ పసుపుపచ్చని ముసలి కన్ను ఒకటి తెరుచుకుంది.

స్నానం చేసి వచ్చి మూత తీసిన సీతారావమ్మ కెవ్వుమని చీర చుట్టుకుంది. "అమ్మో, శేషయ్య గారు!"

కుందేలు చూస్తే రాసుకున్నవాళ్ళే, మగాడు చూసేసరికి మూకుమ్మడిగా వచ్చి డబ్బాలన్నీ కాలవలో పారేశారు. ఆ రోజు నుంచి శేషయ్యకి కట్టు కట్టిన కంట్లో బురదనీళ్ళే కనిపించేవి.

కాలవ కింద మడిలో తల్లితో నాటు వేస్తున్న నింగమ్మ దగ్గరికి ఒక డబ్బా కొట్టుకొచ్చింది. లోపల కన్ను రెప్పలాడిస్తోంది.

"అమ్మా, సావుకారు ఏడుస్తుండు."

"ఏడవనీ" అంది హంపమ్మ. మడమతో డబ్బాని బురదలోకి తొక్కి, దాని మీద నారు పెట్టింది.