అన్నీ ఎడమ చేతులే

నాకు కోపం ఎక్కువ, ఒప్పుకుంటాను. పందొమ్మిదేళ్లుగా ఈ బట్టల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరిస్తున్నాను, నా గొంతు వినని గోడ లేదిక్కడ. అయితే ఒకటి. తప్పు నాదైతే కిక్కురుమనను. నాది కాకపోతేనే పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తాను. మేనేజరు నుంచి ఊడ్చే ఆమె దాకా అందరికీ తెలుసీ సంగతి.

ఈ ఏడు కటింగ్ హాలుకి సూపర్‌వైజరు పదవి ఖాళీ అయింది. వరసప్రకారం నాదే. "ఇస్తాం గానీ, ఇంకొక్కసారి అరిచారంటే మర్చిపోండి," అని మేనేజరు తేల్చేశాడు.

కౌన్సెలింగ్ చదువుతున్న మా అమ్మాయి నన్ను పట్టుకుంది. "ఏ మాటకి పేలతావో ముందు కనిపెట్టమ్మా. కోపం రాగానే ఆగు. ఒంట్లో ఎక్కడ మొదలైందో చూడు. దాని అసలు పేరేంటో చెప్పుకో."

నవ్వాను గానీ కనిపెట్టాను. చిన్నప్పుడు లెక్క తప్పితే మా నాన్న నెత్తిన మొట్టి, "నీకు బుర్ర లేదే," అనేవాడు. ఆ మాట ఎవరన్నా నాకు ఒళ్లు తెలియదు. అమ్మాయికి కాక ఇది ఇంకొక్కరికే చెప్పాను, నా తోడికోడలికి. ఆవిడకీ పని ఇప్పించింది కూడా నేనే. పక్క బల్లే ఆవిడది, వరసలోనూ నా తర్వాత ఆవిడే.

అరవని ప్రతి రోజుకీ అమ్మాయి క్యాలెండరులో సున్నా చుట్టింది. నలభై సున్నాలయ్యాయి.

నలభై ఒకటో రోజు, కుట్టుకి వెళ్లిన చొక్కా చేతులు వెనక్కొచ్చాయి. రెండొందల నలభై, అన్నీ ఎడమవే! సగం గీశాక, చేతి ఆకారంలో కోసిన అట్టను బోర్లించి కుడివి గీయాలి. అది మరిచారు. మా హాల్లో ఒక్కొక్కరిది ఒక్కో రంగు సుద్ద. గుడ్డ మీద గీతలు నీలం. నీలం నాది. ముందు రోజు తన సుద్ద అయిపోయిందని తోడికోడలు అంటే, నాది సగం విరిచి ఆవిడ చేతిలో పెట్టాను, నా ఖర్మ.

మేనేజరు ఇద్దర్నీ పిలిచాడు. నేను నోరు తెరిచేలోపే ఆవిడ నా భుజం తట్టి, "పోనీలే అక్కా, అందరికీ బుర్ర ఉంటుందా ఏంటి," అంది.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఆగాను. గొంతు దగ్గరుంది మంట. ఇది కోపం కాదు, అవమానం. మొట్టికాయ తిన్న ఎనిమిదేళ్ల పిల్లది. ఊపిరి వదిలాను. నిజం చెబుతున్నా, చల్లబడింది.

"నేను గీయలేదండీ. నా సుద్ద తనకిచ్చాను," అన్నాను మెల్లగా.

మేనేజరు జాలిగా చూశాడు. "పందొమ్మిదేళ్లుగా చూస్తున్నానమ్మా మిమ్మల్ని. తప్పు మీది కాకపోతే ఈపాటికి అద్దాలు పగిలేవి."

"అరవొద్దన్నది మీరేగా?"

"అన్నాను. కానీ ఇంత మెల్లగా మీరెప్పుడైనా మాట్లాడారా?"

సాయంత్రానికి, సూపర్‌వైజరు దగ్గరుండే హాలు తాళాలు తోడికోడలి నడుముకున్నాయి. గేటు దగ్గర నా పక్కనే నడిచింది. "అరుస్తావనుకున్నా అక్కా. అరిచినా నాకే వచ్చేదిలే," అంది.

అమ్మాయి గుమ్మంలోనే అడిగింది. "ఇవాళ అరిచావా?"

"లేదు."

"ఎవరైనా ఆ మాటన్నారా?"

"అన్నారు."

"అన్నా అరవలేదా? గెలిచావమ్మా!" అంటూ ఎగిరి నన్ను కావిలించుకుంది. నలభై ఒకటో సున్నా ఎర్ర సిరాతో చుట్టింది. దాని మొహం చూసి, పదవి పోయిందన్న మాట మింగేశాను. రేపు ఆవిడ మళ్లీ ఆ మాటంటుంది, మళ్లీ ఆగాలి. ఎల్లుండీ ఆగాలి. క్యాలెండరులో ఖాళీ గళ్లు ఇంకా బోలెడున్నాయి.