పడవ గుంజకి కట్టిన చున్నీ

ఖతార్‌లో సెలవు శుక్రవారమే, చర్చి కూడా ఆ రోజే. అక్కడి నుంచి తిన్నగా మ్యూజియానికి బయల్దేరాం. నా మెడ చుట్టూ చున్నీ రెండు చుట్లు తిరిగి ఉంది. దాని కింద మా ఆయన వేళ్ళ గుర్తులున్నాయి. కూరలో ఉప్పు తక్కువైనందుకు పడ్డవి. అంతకు ముందు మోచెయ్యి వాచినప్పుడు అత్తయ్య అడిగితే, బాత్రూంలో కాలు జారిందని చెప్పాను. కాలు జారితే మెడ మీద వేళ్ళు పడవు కదా, అందుకే ఈ చున్నీ.

మా ఆయన రిచర్డ్‌ని చూస్తే ఎవరూ నమ్మరు. అల్ మన్సూరాలో మా బిల్డింగ్ వాళ్ళు ఎవరి ఫ్రిజ్ పాడైనా ముందు ఆయన్నే పిలుస్తారు. చర్చిలో వాక్యం చదివేది ఆయనే. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అంటారు గానీ, ఈయన వీధిలో గొర్రెపిల్ల.

వాళ్ళమ్మ సౌభాగ్యమ్మ విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చింది. ఆవిడ ఎయిర్‌పోర్టులో దిగకముందే రిచర్డ్ నాతో చెప్పాడు. "మా అమ్మ చెవిన ఒక్క మాట పడిందా, నిన్నొక్కదాన్నే ఫ్లైట్ ఎక్కిస్తాను. కెజియా నా దగ్గరుంటుంది." నా వీసా ఆయన పేరు మీద ఉంది. పిల్ల పాస్‌పోర్టు ఆయన ఆఫీసు సొరుగులో ఉంది. కెజియాకి నాలుగేళ్ళు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. నాకైతే పిల్లే దూరమవుతుంది. అందుకని నోరు మూసుకున్నాను.

ఆ మ్యూజియం ఎవరో ఖతారీ పెద్దాయన సరదాకి కట్టించింది. అల్ తుమామా దాటి చాలా దూరం పోవాలి. ఏరన్నదే లేని చోట కాలువ తవ్వించి, దేశదేశాల కాలువ పడవలు కొనుక్కొచ్చి అందులో పెట్టాడు. మన గోదావరి కాలువ పడవ కూడా ఒకటుంది. మా అత్తయ్య, చనిపోయిన మావయ్య జక్కయ్య అలాంటి పడవ మీదే కాపురం చేశారు. ఇటుకలు, ధాన్యం వేసుకుని లాకులు దాటించేవారు. రిచర్డ్ నడక నేర్చింది పడవలోనే. ఆ సంగతి మాత్రం ఆఫీసులో చచ్చినా చెప్పడు.

పార్కింగ్‌లో కెజియా సీటు మీద జ్యూస్ ఒలకబోసింది. రిచర్డ్ అద్దంలోంచి వాళ్ళమ్మని చూసి నవ్వుతూనే, కిందనుంచి చెయ్యి పోనిచ్చి నా తొడ కండ పట్టి మెలిపెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "యల్లా, దిగండి," అన్నాడు ఎంతో ముద్దుగా.

అత్తయ్య పడవని చూడగానే చెప్పులు విడిచి బల్ల మీదుగా ఎక్కింది. పక్క చెక్కల్ని అరచేత్తో తడిమింది. రెండు కొక్కేల మీద వెదురు గెడ పెట్టి ఉంటే దాన్నీ నిమిరింది. పడవని అడుగు తన్ని నడిపే గెడ అది. ముట్టుకోవద్దని బోర్డు ఉంది గానీ ఆవిడకి చదువు రాదు. ఇంతలో కెజియా అంచు దాకా పరిగెత్తి నీళ్ళలోకి వంగింది.

అత్తయ్య పిల్లని ఒక్క లాగు లాగి ఒళ్ళో వేసుకుంది. "పడవెక్కాక పిల్లని వదిలేత్తారా ఎవరన్నా? కట్టాలి," అంటూ నా మెడలో చున్నీ చటుక్కున లాగేసింది. నేను పట్టుకునేలోపే ఒక కొస పిల్ల నడుముకీ, ఇంకో కొస మధ్య గుంజకీ ముడేసింది. పడవ కాపురాల్లో అది మొదటి పని. పిల్లని కట్టాకే పొయ్యి వెలిగించేవారట.

ముడి బిగించి తలెత్తి నా మెడ చూసింది. అలా చూస్తూనే ఉండిపోయింది.

అప్పుడే గట్టు మీద రిచర్డ్ వాళ్ళ మేనేజర్ రామచంద్రరావు గారు భార్యతో కనిపించారు. ఆవిడ ఫోన్‌తో వీడియో తీస్తోంది. "ఏంటి రిచర్డ్, పాపని కట్టేశారు?" అని నవ్వారాయన.

"ఆయ్, మావాడు కూడా ఐదేళ్ళొచ్చేదాకా ఇలా కట్టించుకున్నోడే బాబూ. పడవలోనే పెరిగాడు," అంది అత్తయ్య.

వాళ్ళు మలుపు తిరిగేదాకా రిచర్డ్ నవ్వాడు. తర్వాత పడవలోకి దూకాడు.

"చున్నీ తియ్యొద్దని చెప్పానా లేదా?" అంటూ నోటి మీద కొట్టాడు. పెదవి పంటికి తగిలి తెగింది. జుట్టు పట్టి నా తల పక్క గుంజకేసి కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినపడలేదు. కెజియా నా దగ్గరికి రావాలని లాగుతుంటే చున్నీ బిగిసిపోయింది. పిల్ల గుక్కపట్టింది. రిచర్డ్ ముడి ఊడదీయబోయాడు. రాలేదు. "నోర్ముయ్," అని పిల్ల మీదికి చెయ్యెత్తాడు.

ఆ చెయ్యి దిగలేదు. గెడ వచ్చి మణికట్టు మీద పడింది. ఎముక చప్పుడు నాకు వినపడింది. రెండో దెబ్బ భుజం మీద, మూడోది నెత్తి మీద. రిచర్డ్ పడవ అడుగున కూలబడ్డాడు. చెవి పక్కనుంచి రక్తం కారి, చర్చి కోసం ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలోకి దిగింది. అత్తయ్య మళ్ళీ గెడ ఎత్తింది. నేనే పట్టుకున్నాను. ఎందుకు పట్టుకున్నానా అని ఇప్పటికీ నా మీద నాకు కోపమే.

"వదులు," అంది అత్తయ్య రొప్పుతూ. "ఈడి నాన్న ఇలాంటి గెడతోనే నా ఎడం చెవి పోగొట్టాడు. లాకుల కాడ కాలు జారిందని చెప్పాను. అందరూ నమ్మినట్టే ఉన్నారు. ఈడు గుంజకి కట్టుండి అంతా చూశాడు."

రిచర్డ్ తల దించుకున్నాడు. కెజియా గుంజ దగ్గర నిలబడి చూస్తోంది.

సెక్యూరిటీ అతను పరిగెత్తుకొచ్చాడు. బ్యాడ్జీ మీద జియావుద్దీన్ అని ఉంది. మా మాట విని తెలుగులోనే అడిగాడు. "ఏమైంది సార్? ఈ రక్తమేంది?"

"మాఫీ ముష్కిల్ భాయ్, ఏం లేదు. కాలు జారింది," అన్నాడు రిచర్డ్.

నా మాటే. నేను ఇన్నేళ్ళూ చెప్పిన మాటే, పొల్లు పోకుండా.

జియావుద్దీన్ నా పెదవి చూశాడు, మెడ చూశాడు. "మీకు గూడ కాలే జారిందా అమ్మా?"

రిచర్డ్ నా వంక చూశాడు. ఫ్లైట్, అన్నాయి ఆ కళ్ళు. నిజం చెబితే పిల్ల పోతుంది. అత్తయ్యని కూడా పోలీసులు తీసుకుపోతారు, దేశం కాని దేశంలో, భాష రాని మనిషిని.

అత్తయ్య గెడ కింద పెట్టి గుంజ దగ్గరికి వెళ్ళింది. కొడుకు వల్ల కాని ముడిని ఒక్క లాగులో విప్పింది. ఆ కొసని తెచ్చి నా నడుముకి చుట్టి బిగించింది.

"నేను కొట్టింది ముందు చెప్పు. అత్తనే పట్టించింది, అబద్ధమెందుకు చెబుద్దని మిగతాది కూడా నమ్ముతారు. నా కొడుకు మీద సాక్ష్యం నేను చెబుతాను," అంది.

"కాలు జారలేదన్నా," అన్నాను. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది. "ఈయన్ని మా అత్తయ్య కొట్టింది. నన్ను ఈయన కొట్టాడు. ఇవాళ కొత్తగా కాదు. పోలీసులని పిలవండి."

జియావుద్దీన్ వాకీటాకీ తీశాడు. రిచర్డ్ ఒక్క ఉదుటున లేచి, మంచి చేత్తో కెజియా రెక్క పట్టుకుని గట్టు వైపు ఈడ్చాడు. పిల్లతో పాటు నేనూ ఈడ్చుకుపోయాను. మోకాళ్ళు చెక్కల మీద కొట్టుకుపోయాయి. ఇంకోసారి లాగాడు. ముడి ఊడలేదు.