తాడు పట్టినవాళ్లు

రిసార్టు గదిలో మంచం మీద దుప్పటి మారుస్తూ ఆమె కిటికీలోంచి కిందికి చూసింది. ఇసుకలో ఇద్దరు గార్డులు ఒక ముసలాయన్ని కర్రలతో బాదుతున్నారు. చొక్కా లేని ఆ వీపుని ఎంత దూరం నుంచైనా ఆమె గుర్తుపట్టగలదు. అది వాళ్ల నాన్నది.

ఆ గదిలో దిగిన అతిథి బాల్కనీలో నిలబడి ఫోనులో వీడియో తీస్తున్నాడు. వెనక్కి తిరిగి ఆమెని నవ్వుతూ అడిగాడు.

"ఇది కూడా పదిగంటల ప్రోగ్రాంలో ఉందా?"

ఆమె దుప్పటి అక్కడే పారేసి మెట్ల మీద పరుగెత్తింది.

ఆ ప్రోగ్రాం సంగతి చెప్పాలి. ఒకప్పుడు ఆ ఒడ్డంతా జాలర్లది. ఇప్పుడు వాళ్ల వాడకీ రిసార్టుకీ మధ్య నీళ్ల దాకా గోడ ఉంది, గోడకి ఇనుప గేటుంది. ఇవతల పది రోజులు తిని, తాగి, ఈదులాడి పోయే అతిథికి అవతల మనుషులున్నారనే తెలియదు. అయినా ఇక్కడి జీవితం చూపించామని గొప్పలు పోవాలి కదా! అందుకని రోజూ పదిగంటలకి ఐసుపెట్టెలోని చేపల్ని వలలో పోసి, మోకాలి లోతు నీళ్లలో దింపి, అతిథుల చేత లాగిస్తారు. చచ్చి వారమైన చేపల్ని పట్టామని వాళ్లు ఎగిరి గంతులేస్తారు.

అసలు పెద్దవల పని వేరు. పడవ చుట్టూ తిరిగి వల వదులుతుంది. రెండు తాళ్లు ఒడ్డుకొస్తాయి. ఒక్కో తాడుకి ఇరవైమంది కావాలి. నీటి వాలు వలని ఎటు తోస్తే లాగేవాళ్లూ అటే జరగాలి. సముద్రానికి గోడ కట్టారని ఎవరు చెబుతారు? ఆ రోజు వల రిసార్టు ముందుకే వచ్చింది. వాడంతా కేకలతాత అని పిలిచే ఆమె తండ్రి తాడు పట్టుకుని గోడ చివర నీళ్లలోంచి నడిచి వచ్చాడు. అతను కేక వేస్తే ఒడ్డున ఉన్నవాళ్లు ఎవరైనా సరే చేతిలో పని వదిలి తాడు పట్టాలి, పట్టినవాళ్లకి చేప దక్కాలి. వాడలో పుట్టిన అందరికీ అది ఊపిరి తీసుకున్నంత అలవాటు.

గార్డులు తాడు కోసేశారు. వల చేపలతో సహా కొట్టుకుపోయింది. కత్తి పట్టిన చెయ్యి పట్టుకున్నందుకు తాత తల పగలగొట్టారు. మధ్యాహ్నం కూతురి ఒళ్లో అతని ప్రాణం పోయింది. రాళ్ల మీద జారిపడ్డాడని పోలీసులు రాసుకున్నారు.

మూడోనాడు రిసార్టు లాండ్రీ షెడ్డులో పనివాళ్లందరూ చేరారు. యూనిఫారాల్లో ఉన్నా అందరూ గోడ అవతలి వాళ్లే.

"ఎదురు తిరిగితే ఉద్యోగాలు ఊడతాయే అమ్మా. పిల్లాజెల్లా ఉన్నవాళ్లం," అన్నాడు వంటాయన.

"మా నాన్నకి లేరా పిల్లలు? నేనెవర్ని బాబాయ్?"

తోటమాలి అందుకున్నాడు.

"రేపు మనవాళ్లు ఇంకో వల వేస్తున్నారు. నీళ్లు ఇటే లాగుతున్నాయి. మళ్లీ కోస్తారు వెధవలు."

"మరి గోడో?" అని ఎవరో గొణిగారు.

"ఆ గోడ సంగతి నన్నడుగు," అన్నాడు మేస్త్రి. "కట్టింది నేనే. మూడడుగులు తవ్వాలంటే కాంట్రాక్టరు అడుగున్నరకే ఆపించాడు. ఇసుక మీద నిలబెట్టి సున్నం కొట్టించాడు."

ఆమె లేచింది.

"రేపు కేక నేను వేస్తా. పట్టేవాళ్లు పట్టండి. పట్టనివాళ్లు ఆ చచ్చిన చేపలే లాక్కుంటూ కూర్చోండి."

మర్నాడు పదిగంటలకి అతిథులు ఉత్తుత్తి వల చుట్టూ మూగారు. అంతలో అసలు వల తాళ్లు ఒడ్డుకొచ్చాయి. ఆమె ఇసుకలో నిలబడి కేక వేసింది. గొంతు అచ్చం తండ్రిదే. అందరికంటే ముందు గరిటె విసిరేసి వచ్చింది వంటాయనే! వెనకే తోటమాలి, మేస్త్రి, గిన్నెలు కడిగేవాళ్లు, గదులు ఊడ్చేవాళ్లు, నలభైమంది. గార్డులు విరుచుకుపడ్డారు. వంటాయన మూతి పగిలింది, ఒకామె చెయ్యి విరిగింది. మేస్త్రి ఒక గార్డు కర్ర లాక్కుని వాడి మోకాలు విరిచాడు. కొట్టినా, కొట్టించుకున్నా తాడు ఆగలేదు. ప్రాణమున్న చేపలు ఇసుకలో ఎగిరిపడుతుంటే అతిథులు భయపడి వెనక్కి తగ్గారు.

పోలీసులు దిగారు.

"మీ లీడరెవడ్రా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

వంటాయన నెత్తురు ఉమ్మాడు.

"తాడండీ."

చెంప పగిలింది. నలభైమందికి సరిపడా బేడీలు లేవు. ఇన్‌స్పెక్టరు వల తాడే కోయించి, అందరి చేతుల్నీ వరసగా దానికి కట్టించాడు. వ్యాన్లు వచ్చేదాకా కదలకుండా తాడు కొసని గోడ గేటు స్తంభానికి ముడి వేయించాడు.

మేస్త్రి స్తంభం మొదలు కేసి చూశాడు. తరవాత ఆమె కేసి చూశాడు. అంత నొప్పిలోనూ అతనికి నవ్వు ఆగలేదు.

"అడుగున్నరే, చెల్లెమ్మా."

ఆమె కేక వేసింది.

ఎనభై మడమలు ఇసుకలో దిగాయి. స్తంభం మొదట్లో ఇసుక పగిలింది. పోలీసులు వీపుల మీద లాఠీలు విరగ్గొట్టారు. రెండో కేకకి గేటు కిర్రుమంది. తుపాకీ పేలింది. తోటమాలి మోకాళ్ల మీద కూలాడు. పక్కవాళ్లు అతన్ని భుజాలతో ఎత్తిపట్టారు. ఆమె మూడో కేక వేసింది.

స్తంభం గేటుతో సహా కూలింది. దాన్ని పట్టుకున్న గోడ కూడా నీళ్ల దాకా ఒరిగిపోయింది.

దుమ్ములో అవతల వాడ మొత్తం నిలబడి ఉంది. ఆడా మగా, ముసలీ ముతకా. పోలీసులు తుపాకులు అటు తిప్పారు. వాళ్లు తుపాకుల్ని చూడలేదు. కేక వినబడింది కాబట్టి, కూలిన గోడ తొక్కుకుంటూ వచ్చి తాడు పట్టారు.