బయటి నుంచి తాళం

జైలు నుంచి వచ్చాక తమ్ముడు అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. పెట్టింది తినేవాడు, అడిగితే బదులిచ్చేవాడు, చెప్పిన పని చేసేవాడు. నిద్ర మాత్రం పోయేవాడు కాదు. వెనక గదిలో గోడకు వీపు ఆనించి, తలుపు వైపే చూస్తూ తెల్లారబెట్టేవాడు.

"నువ్వుండగా ఈ ఇంటికి తాళం దండగ, బావమరిదీ," అనేవాడు బావ. ఆయన బస్సు కండక్టరు. ఆ మాటకు నవ్వాలని తెలిసి తమ్ముడు నవ్వేవాడు.

ఒకరోజు పొద్దున డ్యూటీకి పరుగెత్తే హడావిడిలో బావ అలవాటు కొద్దీ వీధి తలుపుకు తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. అక్క అప్పటికే టైలరింగ్ షాపులో పనికి వెళ్ళింది. మధ్యాహ్నం భోజనానికి వచ్చి తాళం చూసి ఆమె తలుపు దబదబా బాదింది.

"ఒరేయ్! ఉన్నావా? పలకవేంట్రా?"

లోపల్నుంచి ఉలుకూ పలుకూ లేదు. సంచి గుమ్మరించి తాళంచెవి వెతికి తలుపు తీసింది. తమ్ముడు గుమ్మం పక్కనే నేల మీద పడి ఉన్నాడు. వంగి చూస్తే గురక వినిపించింది.

సాయంత్రానికి గానీ అతను లేవలేదు. అక్క టీ ఇచ్చి మొదలెట్టింది.

"మీ బావను రానీ, చెప్తా. మనిషిని లోపల పెట్టి తాళం వేసుకుపోతాడా?"

"బావను ఏమీ అనకు. రేపు కూడా అలాగే వేసి వెళ్ళండి."

"ఏం మాటలురా అవి?"

"అక్కడ పగలంతా ఎవడు ఎటునుంచి మీద పడతాడో తెలీదక్కా. సాయంత్రం తాళం వేశాక ఇక ఎవరూ రారు. అప్పుడు పడుకునేవాణ్ణి." వేరే ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పాడు.

"లోపల గడియ ఉందిగా, పెట్టుకో."

"అది నా చేతిలో ఉంటుంది. ఎవరైనా తీయమంటే తీసేస్తాను."

అక్క ఏడ్చింది. భుజం మీద చెయ్యి వేయాలని అతనికి తెలుసు. చెయ్యి లేవలేదు.

ఆ వారమే అక్క అతణ్ణి మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆవిడ అంతా విని మందులు రాసి, వారం వారం రమ్మంది.

"తాళం వేయమంటాడండీ. ఏం చేయను?" అడిగింది అక్క.

"వేయకండి. జైలు నుంచి వచ్చినవాళ్ళు చాలామంది ఇదే అడుగుతారు. నిదానంగా తగ్గుతుంది, కంగారు పడకండి."

ఆదివారం అక్క వెనక గది తలుపు దగ్గరగా వేసి, దానికి అడ్డంగా కుర్చీ వేసుకుని, హెమ్మింగ్ చేయాల్సిన బట్టలు ఒళ్ళో పెట్టుకుంది.

"నన్ను దాటుకుని ఎవడొస్తాడో చూస్తా. పడుకో."

అతను పడుకున్నాడు. లేచి తలుపు చూశాడు, మళ్ళీ పడుకున్నాడు. బావ ఏదో అడగబోతే అక్క "ష్ష్" అనడం వినిపించింది. తర్వాత కొంతసేపు ఏమీ వినిపించలేదు.

అతను గదిలోంచి బయటికి రాగానే అక్క తలెత్తి చూసింది. "పట్టిందా?"

"కాసేపు."

ఆమె ముఖం వెలిగింది. తనూ సంతోషించాలి కాబోలు అనుకున్నాడు. లోపల ఏమీ కదల్లేదు.

"రేపు కూడా కూర్చుంటావా?" అని మాత్రం అడిగాడు.

"రేపు షాపుంది కదరా. సాయంత్రం వచ్చి కూర్చుంటాలే," అంది అక్క, సూదిలోకి దారం ఎక్కిస్తూ.