అడగని ప్రశ్న

రాయ్స్ హాల్వర్సన్‌ని ఆఫీసులో అందరూ "జనరల్" అని పిలుస్తారు. అమెరికాలో రాష్ట్ర అటార్నీ జనరల్‌ని అలా పిలవడం మర్యాద. తుపాకీ పట్టిన మొహం కాదు అతనిది, అయినా కోర్టులో జడ్జీలు సైతం అలాగే అంటారు. ఒక్క లోర్నా కుచేరా మాత్రం అనదు. లా కాలేజీలో తన పక్కన కూర్చుని, తన నోట్సు చదివి పాసైనవాడిని జనరల్ అనడానికి ఆమెకు ఏనాడూ నోరు రాలేదు.

ఇప్పుడామె అతనికి డిప్యూటీ. రాష్ట్రం తరఫున వేసే ప్రతి దావా మీదా మొదటి పేరు అతనిది, రాసేది ఈమె. ఆ పదవికి జరిగే ఎన్నికలప్పుడు అతను ట్రాక్టరెక్కి ఊరేగింపుల్లో పిల్లలకు మిఠాయిలు విసురుతుంటే, ఈమె ఆఫీసులో కాగితాలతో కుస్తీ పడుతుండేది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు. అంతవరకూ పళ్లబిగువున ఓర్చుకుంది గానీ, విల్లో నది కేసు దగ్గర మాత్రం ఆమె వల్ల కాలేదు.

ఎగువ రాష్ట్రం ఒప్పందాన్ని తుంగలో తొక్కి నది నీళ్లు మింగేస్తోందని వేసిన కేసు అది. ఏళ్ల తరబడి లోర్నా దాన్ని కన్నబిడ్డలా సాకింది. వాషింగ్టన్‌లో సుప్రీంకోర్టు వాదనకు తేదీ రాగానే కొత్త నల్లసూటు కొనుక్కుంది. ఆ మర్నాడే రాయ్స్ ఆమె గదిలోకి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు.

"లోర్నా, ఇది నేనే వాదిస్తాను."

"ఎన్నికల ఏడాది కదా. గవర్నర్ కుర్చీ కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. నీ దగ్గర దాపరికమేముంది? నువ్వు నా పక్కనే కూర్చుంటావు."

"పక్కన కూర్చోవడం నాకు అలవాటేలే. కాలేజీ నుంచీ అదే పని."

ఆ సాయంత్రం భర్త ఒట్టో ముందు అంతా కక్కేసింది. అతను దాల్చినచెక్క రొట్టెను చిల్లీ అనే మాంసం, చిక్కుడుగింజల కూరలో ముంచుకు తింటూ ఓపిగ్గా విన్నాడు.

"వాడు ఓడిపోతే బాగుండునని ఉందా నీకు?"

"కేసు గెలవాలి. వాడు మాత్రం అందరి ముందూ నీళ్లు నమలాలి."

"రెండూ ఎలా కుదురుతాయి లోర్నా? ఇప్పుడా కేసు వాడి నోట్లోనే ఉందాయె."

వాదనకు వెళ్లేముందు ఆఫీసులో ఉత్తుత్తి కోర్టు పెట్టడం రివాజు. కింది లాయర్లందరూ జడ్జీలై కూర్చుని, సొంత జనరల్‌నే ఉతికి ఆరేస్తారు. అక్కడ మొహమాటాలు పనికిరావు. అందరిలోకీ గడుసు జడ్జి వేషం లోర్నాదే. ఆ కేసులో ఒకే ఒక చిల్లు ఉందని ఆమెకు తెలుసు. తమ రైతులు కూడా గట్టు పొడవునా బోర్లు వేసి అదే నదిని పీల్చారు. ఎదుటి పక్షం దాన్ని సరిగా పట్టుకోలేదు. లోర్నా ఆ రోజు ఒప్పందం గురించి అడిగింది, కరువు గురించి అడిగింది, రాయ్స్‌కి ముచ్చెమటలు పట్టించింది. బోర్ల ప్రశ్న నాలుక చివరిదాకా వచ్చింది. మంచినీళ్లు తాగి మింగేసింది. ఇన్నాళ్లూ కడుపులో మండిన అసూయ ఆ క్షణాన చల్లగా, హాయిగా అనిపించింది.

సుప్రీంకోర్టులో వాదించేవాళ్ల బల్ల మీద తెల్లని బాతు ఈక కలాలు పెడతారు. జ్ఞాపకంగా ఇంటికి తీసుకుపోవచ్చు. లోర్నా తన ఈకను ముట్టుకోలేదు. వాదన సగంలో ఉండగా ఒక జడ్జి ముందుకు వంగింది.

"జనరల్ హాల్వర్సన్, మీ రైతులూ బోర్లు వేశారుగా. ఆ నీళ్ల మాటేమిటి?"

ఇప్పుడు తడబడతాడు, ఇప్పుడు తన వైపు తిరుగుతాడు అనుకుంది లోర్నా.

"వేశారు, న్యాయమూర్తి గారూ. మొదటి బోరు మా నాన్నదే," అన్నాడు రాయ్స్. కోర్టంతా నవ్వింది. "ఆ నీళ్లు మా వాటాలోంచి తీసేయండి. అయినా మాకు రావలసింది ఇంకా పైనే ఆగిపోయి ఉంది."

ఆ జడ్జి తలూపి వెనక్కి వాలింది. లోర్నా అయితే బోర్లకూ నదికీ సంబంధం లేదని చట్టం చూపించి మెలికలు తిరిగేది. నిజం ఒప్పుకుని గెలవొచ్చన్న ఊహే ఆమెకు తట్టలేదు. పట్నంలో పళ్ల డాక్టరు కూతురిగా పెరిగిన తనకు ఆ రైతుబిడ్డ జవాబు ఎలా తడుతుంది? వాడు తనకంటే బాగా వాదించాడు. అది తలుచుకుంటే చల్లారిందనుకున్న కడుపు మళ్లీ భగ్గుమంది.

బయట మెట్ల మీద విలేకరులు వెళ్లిపోయాక రాయ్స్ జేబులోంచి ఈక తీసి ఆమెకిచ్చాడు.

"ఇది మర్చిపోయావు."

"కావాలనే వదిలేశాను. ఆ బోర్ల ప్రశ్న వస్తుందని నీకెలా తెలుసు?"

"నువ్వే చెప్పావుగా."

"నేను అడగనే లేదు."

"అందుకే తెలిసింది. చిల్లు కనిపిస్తే వేలు పెట్టకుండా ఉండే మనిషివా నువ్వు? అన్నీ అడిగి, బోర్ల దగ్గరకొచ్చేసరికి మంచినీళ్లు తాగి ఊరుకున్నావు. నన్ను ముంచేది ఇదేనని అప్పుడే అనుకున్నాను. ఇంటికెళ్లి మా నాన్నకు ఫోన్ చేసి ఆ బోర్ల సంగతంతా కనుక్కున్నాను."

అతని గొంతులో కోపం లేదు. తిట్టినా బాగుండేది, తనూ నాలుగు తిట్టేది.

"నేను గవర్నరైతే ఈ కుర్చీకి నువ్వు నిలబడు," అన్నాడు రాయ్స్. "మొదటి ఓటు నాదే. కానీ ఒక్క మాట. నీలాంటి డిప్యూటీని మాత్రం పెట్టుకోకు."

"సరే, జనరల్," అంది లోర్నా. ఎగతాళిగా అందామనుకుంది గానీ, ఆ మాట మర్యాదగానే బయటికొచ్చింది.