మిల్లులో హేమలత

భరత్ బెంగళూరులో కొన్నేళ్లు ఉద్యోగం చేసి వచ్చి, ఉరవకొండలో ఒక విత్తనాల అంగడి మేడమీద సొంత కంపెనీ పెట్టాడు. రైతుల ఫోన్లకు వాన కబురు పంపే యాప్ వాళ్లది. ప్రోగ్రాములు రాసేది హేమలత, తిప్పేష్. పొద్దున్నే నిలబడి మీటింగు, రోజంతా గ్రూపులో మెసేజులు, ముగ్గురికీ ఒకటే బల్ల. బెంగళూరులో చూసిన పద్ధతులన్నీ భరత్ ఇక్కడా పెట్టాడు.

జూన్‌లో విడపనకల్లు రైతులకు వెళ్లాల్సిన కబురు గుత్తి వాళ్లకు పోసాగింది. ముగ్గురూ కూర్చుని వెతికినా తప్పు దొరకలేదు. ఒక మధ్యాహ్నం హేమలత ల్యాప్‌టాప్ సంచిలో వేసుకుని బయటికి వెళ్లింది. సాయంత్రం వచ్చి, "దొరికిందన్నా. సరిచేసినా" అంది.

ఆమె చేసిన గట్టి పనులన్నీ ఇలా మాయమైన మధ్యాహ్నాల్లోనే అయ్యాయని భరత్‌కు అప్పుడు తట్టింది.

"యాడికి పోతాండావు హేమా?"

"చెప్తే నవ్వుతావు. రా, చూపిస్తా."

ఊరి చివర ఆమె మేనమామ సుంకప్ప మిల్లు. విత్తనానికి శనక్కాయలు ఒలిచే మిషను రొదకు గోడలు అదురుతున్నాయి. హేమలత మూలనున్న మూటల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. భరత్ ఏదో అరిచాడు. ఆమె చెవి చూపించి తల అడ్డంగా ఊపింది.

బయటికొచ్చాక అడిగాడు. "ఈ రొదలో ఎట్ల చేస్తావు?"

"ఈడ పిలిచినా నాకు వినపడదన్నా. ఆఫీసులో చిక్కు సగం విప్పేలోపల ఎవరో ఒకరు హేమా అంటారు. మళ్లీ మొదట్నుంచి పట్టుకోవల్ల."

ఆ ఎవరో ఒకరు ఎక్కువగా తానేనని భరత్‌కు తెలుసు. మరునాడు మీటింగు తీసేసి, తిప్పేష్‌నూ మిల్లుకు పంపాడు. అతను కాసేపటికే పొట్టు దుమ్ముకు దగ్గుకుంటూ తిరిగొచ్చాడు.

"తలకాయ పగిలిపోతాండాది! నాకు మాట్లాడతా ఉంటేనే పని సాగేది. మీటింగు తీసేస్తే ఎవరితో మాట్లాడల్ల?"

భరత్ పకపకా నవ్వాడు. అప్పటి నుంచి పొద్దునపూట తిప్పేష్, తాను ఎదురెదురుగా కూర్చుని పైకి మాట్లాడుకుంటూనే పని చేస్తున్నారు. హేమలత మిల్లులో ఉన్నంతసేపు గ్రూపులో ఎవరూ ఆమెను పిలవరు.

"మరి నీకు యాడ బాగుంటాదన్నా?" అని ఒకరోజు హేమలతే అడిగింది.

ఇన్నేళ్లలో ఎవరూ భరత్‌ను ఆ మాట అడగలేదు. మరునాడు ల్యాప్‌టాప్ తీసుకుని, ఊరికే గుత్తి బస్సెక్కి, కిటికీ పక్క సీట్లో దాన్ని తెరిచాడు.