అవ్వ చెప్పని సాక్ష్యం

నిరోష మైదా జల్లెడ పడుతుంటే పరమేశ్వర్ వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "ఈసారి ఇంకో రెండు కుటుంబాలు ఎక్కువొస్తున్నయి. బిర్యానీ జర ఎక్కువనే పెట్టు," అన్నాడు.

రేపు క్రిస్మస్. నిజామాబాద్‌లో వాళ్లింటి క్రిస్మస్‌కు స్నేహితుల్లో మంచి పేరుంది. వాకిట్లో కాగితపు నక్షత్రం, పిల్లల తలలకు ఎర్ర టోపీలు, పెద్ద కేకు. "మాకు మతాల పట్టింపు లేదు. అన్ని పండుగలు మావే," అని పరమేశ్వర్ వచ్చినవాళ్లకు చెబుతాడు. అందులో అబద్ధం లేదు. అన్ని పండుగల గిన్నెలూ నిరోషే తోముతుంది. ఆమె పాఠాలు చెప్పే బడిలో క్రిస్మస్ చెట్టుకు దూది అంటించే పని ఏటా ఆమెదే. "మీ పండుగ కదా మేడమ్, మీరే చూసుకోండ్రి," అంటారు. బడిలో మీ పండుగ, ఇంట్లో మన పండుగ. నా పండుగ అనే మాట ఆమె నోట వచ్చి ఎన్నేళ్లయిందో.

ఆ మాట పుట్టింట్లో, బోధన్‌లో కన్నతల్లి అవ్వ దగ్గరే ఉండిపోయింది. అక్కడి చర్చిలో ఆరాధన చివర ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు, ఆ ఏడు దేవుడు తమను ఎట్లా గట్టెక్కించాడో. అవ్వ ఏటా లేచేది. కొంగు తలమీదికి లాక్కుని, అందరికీ తెలిసిన సంగతే అయినా "నేను రాహేలును," అని మొదలుపెట్టేది. చక్కెర ఫ్యాక్టరీ బందయి బాపు జీతం ఆగిన ఏడూ లేచింది. "మా పొయ్యి ఆరలే. స్తోత్రం," అని కూర్చుంది. చెరుకు నరికి కాయలు కాసిన తన చేతుల సంగతి మాత్రం చెప్పలేదు.

మొన్న వానాకాలంలో అవ్వ పోయింది. నిన్న పాస్టరమ్మ ఫోన్ చేసింది. "అవ్వ జాగల నువ్వొచ్చి నాలుగు ముక్కలు చెప్తవా బిడ్డా?"

ఆ సంగతి విని పరమేశ్వర్ నవ్వాడు. "సాక్ష్యమా? ఎవరి మీద కేసు?"

అతను చెడ్డవాడు కాదు. గుడీ వద్దు, చర్చీ వద్దు, మనుషులం చాలు అన్న అతని మాట నచ్చే ఆమె పెళ్లాడింది. ఆ మాట ఇప్పటికీ నచ్చుతుంది. కానీ అంత విశాలమైన మాటలో తన వంతుకు వంటిల్లే ఎందుకు వచ్చిందో, అవ్వ పోయినప్పటి నుంచీ అర్థం కావడం లేదు.

నిరోష జల్లెడ పక్కన పెట్టింది. "రేప్పొద్దుగాల బోధన్ పోతున్న."

"మరి వచ్చేటోళ్లకు?"

"అన్ని పండుగలు మనయే గదా. ఇది నువ్వు చెయ్యి."

పరమేశ్వర్ తల్లి వైపు చూశాడు. అనసూయమ్మ బఠాణీలు ఒలుస్తూ తల ఎత్తలేదు. "పోనియ్యి రా. కేకు బేకరీల దొరుకుతది. బిర్యానీ ఎట్ల వండాల్నో నేను జెప్త. నువ్వు ఉల్లిగడ్డ కొయ్యి."

మరునాడు ఆరాధన చివర పాస్టరమ్మ ఆమె వైపు చూసింది. నిరోష లేచింది. చాపల మీద ఆడవాళ్లంతా ఇటే తిరిగారు. ఎవరి మీద కేసు అన్న మాట గుర్తొచ్చి, ఎందుకో ధైర్యం వచ్చింది. కొంగు తలమీదికి లాక్కుంది.

"నేను రాహేలు బిడ్డను. ఫ్యాక్టరీ బందయిన ఏడు మా పొయ్యి ఆరలే. దేవునికి స్తోత్రం. ఆ పొయ్యి ఆరకుంట మా అవ్వ చెరుకు నరికింది. ఆమె చెప్పలే. నేను చూసిన."